మంచం పక్క ప్లగ్గు

మా అప్పది పాతపట్నం. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఊపిరితిత్తులు పాడైపోయి, గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం మీద రోజులు గడిపేది. నేను శ్రీకాకుళంలో ఉంటాను. పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. కరెంటు విషయం ఏదొచ్చినా ఆ ఇంట్లో నా మాటే చెల్లేది.

యంత్రం మాటిమాటికీ కూత పెడుతోందని అప్ప ఫోను చేస్తే, మీటరు సంచిలో వేసుకుని బస్సెక్కాను. మంచం పక్కన ఉన్నది ఒక్కటే ప్లగ్గు. యంత్రం వైరు పీకి, ఆ రంధ్రాల్లో మీటరు కడ్డీలు పెట్టాను. 228 వోల్టులు. ఆ అర నిమిషమూ అప్ప నోరు తెరిచి గాలి కోసం ఎగపీలుస్తూ నా చేతులకేసే చూసింది. వైరు మళ్లీ పెట్టేశాను. వోల్టేజి బాగుంది, యంత్రమే పాతబడింది, ఫిల్టరు కడిగించమన్నాను.

"ఒరే తమ్ముడూ, నీ మీటరు బాగుందంతాది. నా గుండె బాగులేదంతాది. ఎవుల మాట వినమంతావు?"

"మీటరు అబద్ధమాడదప్పా."

ఆమె నవ్వబోయింది, దగ్గొచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను: పాతపట్నం, 228 వోల్టులు, బాగుంది.

తర్వాత పదకొండు రోజుల్లో మూడుసార్లు ఫోను చేసింది. మూడుసార్లూ ఫిల్టరు గురించే అడిగాను. నాలుగోసారి అప్ప కోడలు చేసింది, అత్తకు మాట రావడం లేదని.

ఈసారి ఆ ఊరి ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. అతను ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి, ఒక రంధ్రంలో యంత్రం, పక్కదాంట్లో మీటరు పెట్టాడు. యంత్రం నడుస్తుండగా 176. తీగలో పారుతున్నది రెండు ఆంపియర్లు. పోయినసారి నేనెలా చూశానో అడిగాడు. చెప్పాను.

"మిషను పీకీసి సూస్తే ఏటి తెలుస్తాది మాస్టారూ? కరెంటు పారితే గదా తీగ సంగతి బయటపడతాది."

ఎగతాళిగా అనలేదు. ప్రతి ఏడూ మొదటి వారంలో పిల్లలకు నేను చెప్పిన పాఠమే అది.

డైరీ చివరి పేజీలో లెక్క వేశాను. 228లోంచి 176 తీసేస్తే, పడిపోయినది 52 వోల్టులు. రెండు ఆంపియర్లతో భాగిస్తే 26 ఓములు. మంచి తీగలో అంత నిరోధం ఉండదు. ఎక్కడో అతుకు కాలుతోందన్నమాట. 52ను రెండుతో గుణిస్తే 104 వాట్లు. అంతా అక్కడే వేడిగా పోతోంది. 460 వాట్లు కావలసిన యంత్రానికి అందుతున్నది 352.

చూరు కింద దొరికింది. స్తంభం నుంచి వచ్చే తీగకు ఎప్పుడో వేసిన అతుకు, టేపు కరిగి బొగ్గైపోయింది. స్తంభం దగ్గర కరెంటు ఆపించి, దాన్ని కోసి కొత్తది వేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మీటరు 226 చూపించింది. కూత ఆగింది.

అప్ప ఆ తర్వాత పందొమ్మిది రోజులు బతికింది. ఆ పదకొండు రోజుల వల్లనేనా అని డాక్టరుని అడిగాను. లోపల మిగిలిందే తక్కువ, ఏమీ చెప్పలేమన్నాడు. రెండోసారి అడగలేదు.

ల్యాబు రికార్డులో తప్పును చెరపనివ్వం. ఒక్క గీత కొట్టి, కింద సరైనది రాయిస్తాం. పన్నెండో రోజు కార్యం అయ్యాక డైరీలో ఆ మొదటి రోజు పేజీ తీశాను. 228 తప్పు కాదు, దాన్ని అలాగే ఉంచాను. 'బాగుంది' మీద గీత కొట్టాను. కింద అప్ప అన్న మాట, 'నా గుండె బాగులేదంతాది' అని, ఆమె అన్నట్టే రాశాను. మొదటిసారి వెళ్లొచ్చిన సాయంత్రం డైరీ రాస్తున్నప్పుడు అదీ ఒక రీడింగేనని నాకు తోచలేదు.