బహ్రెయిన్ బూరెలు

మొన్న అమలాపురంలో తెలిసినవాళ్ళింటికి వెళ్ళాను. గల్ఫ్ నుంచి సెలవులకొచ్చిన వాళ్ళ కోడలు వంటింట్లో ఏదో వేయిస్తోంది. ఏలకులూ, కుంకుమపువ్వూ, గులాబీ నీళ్ళూ కాగిన నూనెలో కలిసిన ఆ వాసన తగలగానే గుమ్మంలోనే ఆగిపోయాను. నేను వయసులో ఉండగా, రాజోలు దగ్గర మా పక్కింటి సత్యవతి పిన్నిగారి వంటింట్లో రోజూ పీల్చిన వాసన అది.

ఆవిడ బహ్రెయిన్ దీవిలో ఓ అరబ్బుల ఇంట ఏళ్ళ తరబడి వంట చేసి తిరిగొచ్చారు. వెళ్ళేనాటికి కూతురు పద్మ చంటిపిల్ల, అమ్మమ్మ దగ్గర పెరిగింది. ఈవిడ వచ్చేసరికి పెళ్ళీడుకొచ్చేసింది. పిన్నిగారు సాయంత్రమయ్యేసరికి పిండిలో గుడ్లూ పంచదారా గిలకొట్టి, గుండ్రంగా చిన్న చిన్న కేకుల్లా వేయించేవారు. ఆ దీవిలో టీతోపాటు రోజూ తినేది అదేనట. ఖన్‌ఫరూష్ అన్న పేరు మాకు నోరు తిరగక బహ్రెయిన్ బూరెలు అనేవాళ్ళం. వీధంతా తినేది, పద్మ తప్ప.

"అవి నూర్‌కి చేసి పెట్టినవండీ, నాకొద్దు" అనేది నాతో. నూర్ అంటే పిన్నిగారు అక్కడ పుట్టిన దగ్గర్నుంచీ ఎత్తుకు పెంచిన యజమాని కూతురు.

నా కొడుక్కి అప్పటికి ఇంకా మాటలు సరిగా రాలేదు. మస్కట్‌లో వంటపని ఉందని ఏజెంటు చెబితే, ఆ వంటలు నేర్చుకుందామని పిన్నిగారి దగ్గరికి వెళ్ళేదాన్ని. చెయ్యి తిరిగింది గాని వెళ్ళాలో వద్దో తేలలేదు. ఓ రోజు అడిగేశాను.

"పిల్లాణ్ణి వదిలేసి వెళ్ళనా, పిన్నిగారూ?"

"నేను వెళ్ళబట్టే ఈ ఇల్లు నిలబడిందమ్మాయ్. వెళ్ళబట్టే నా కూతురు నన్ను చుట్టాన్ని చూసినట్టు చూస్తాది. ఇందులో నీకేం చెప్పను?" అన్నారు.

పద్మకి పెళ్ళయి, పురిటికి పుట్టింటికొచ్చింది. సరిగ్గా అప్పుడే బహ్రెయిన్ నుంచి ఫోన్. నూర్‌కి పెళ్ళి, టిక్కెట్టు పంపిస్తాం, తప్పకుండా రావాలని. పద్మ విని, "వెళ్ళమ్మా. ఇక్కడ కూర్చుని అక్కడి గురించి ఆలోచిస్తుంటే నేను చూడలేను" అంది. పిన్నిగారు వెళ్ళలేదు. ఆ పెళ్ళిరోజున మాత్రం పొద్దున్నే ఓ పెద్ద పళ్ళెం నిండా బూరెలు వేయించారు.

ఆ వారంలోనే పద్మకి నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో నేనూ ఉన్నాను. కూతురు మెలికలు తిరిగిపోతుంటే పిన్నిగారు నుదురు నిమురుతూ "హబీబ్తీ, హబీబ్తీ" అన్నారు. ఆ అరబ్బీ మాట ఆవిడ నోట మేమెవ్వరం అంతకుముందు వినలేదు.

ఆడపిల్ల పుట్టాక, కాస్త తేరుకుని పద్మ అడిగింది. "ఆ మాటకి అర్థమేంటమ్మా?"

"బంగారం, అని."

"నూర్‌ని పిలిచేదానివా అలాగ?"

"ఆయ్."

"నన్ను తెలుగులో ఎప్పుడైనా అన్నావా?"

పిన్నిగారు తలొంచుకున్నారు. "అనాల్సిన వయసులో నీ దగ్గర లేనమ్మా. ఇప్పుడు తెలుగులో అనాలంటే నాకు సిగ్గేస్తాది."

పద్మ గోడవైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే, "ఇంకోసారి అను" అంది.

అది క్షమించడమో, కొత్తగా గుచ్చడమో నాకు అర్థం కాలేదు. ఆ పిలుపు నొప్పి పడుతున్న పద్మకో, దూరాన పెళ్ళికూతురైన నూర్‌కో కూడా తెలియలేదు. నేను మాత్రం మస్కట్ వెళ్ళలేదు. నా కొడుకు నా కళ్ళముందే పెరిగాడు. చదువు మధ్యలో ఆగిపోయి, ఇప్పుడు వాడే దుబాయ్‌లో కూలిపని చేస్తున్నాడు. పిన్నిగారు లేరు. పిల్లల్ని వదిలి వెళ్తున్న ఆడవాళ్ళు సలహా అడిగితే నేనూ ఏమీ చెప్పలేను. ఆవిడ ఆ రోజు నాకు జవాబు దాచలేదనీ, ఆవిడ దగ్గర అది లేదనీ అప్పుడు అనిపిస్తుంది.