శ్రీరామ్‌కి వేయని ఆకు

సాలూరులో లారీలు ఆగే వీధిలో తాయారుతో ఎవరూ పేచీ పెట్టుకోరు. మాట తక్కువే గాని, అన్నదంటే తెగుతుంది. కొడుకు శ్రీరామ్ కండరాలు కరిగిపోయే జబ్బుతో పంతొమ్మిదో ఏట పోయాడు. ఏడాది తిరిగినా సంవత్సరీకం పెట్టనివ్వలేదు. ఆకు వేసి కాకికి అన్నం పెడదామన్న భర్త జగన్నాధం మీద గిన్నె విసిరింది.

"బతికున్నోడికి ఆకేటి మావా?"

పోకముందు వాడి చేతి నుంచి చిన్న చర్మం ముక్క తీశారు. అందులోని కణాలు శ్రీకాకుళంలో ఒక ప్రయోగశాలలో పెరుగుతున్నాయి. పెంచేది తాయారు అన్న కూతురు మహతి. కబురొస్తే తాయారు బస్సెక్కింది.

మహతి కుర్చీ చూపించింది. తాయారు కూర్చోలేదు.

"ఏటయింది? సెప్పు."

"మంచి జన్యువుని వైరస్ మీద ఎక్కించి కణాల్లోకి పంపేనత్తా. దాంతోపాటు మందుని తట్టుకునే జన్యువు కూడా ఎల్తాది. తరవాత ఆ మందు పోస్తే ఎక్కినవి నిలబడతాయి, ఎక్కనివి సచ్చిపోతాయి. అలా ఏరతాం."

"ఎక్కనివంటే?"

"మారనివి. ముందెలా ఉండేవో అలాగే ఉన్నవి."

"అంటే అచ్చం నా కొడుకులాగున్నవే సంపుతావు."

మహతి తల దించుకుంది. "జన్యువు పని మొదలెట్టేదాకా ఆగి అప్పుడు మందు పొయ్యాలి. సిరిమాను జాతర సూడ్డానికి ఇజీనారం ఎల్లే తొందర్లో ఆ సాయంత్రమే పోసేసేను. ఎక్కినవీ పోయాయి, ఎక్కనివీ పోయాయి. అవే ఆఖరివత్తా."

"సిరిమాను బాగా తిరిగిందేటి?"

మహతికి ఏడుపొచ్చింది. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది.

"నీ సేత్తో పోసింది తాగితే నానూ పోతాను. వాణ్ణి సూపించు."

మహతి కణాలున్న గాజుగిన్నెను సూక్ష్మదర్శిని కింద పెట్టింది. బతికున్నప్పుడు కణాలు పొడుగ్గా అడుగుని పట్టుకుని ఉంటాయి. ఇప్పుడవి పట్టు వదిలేసి, గుండ్రంగా ముడుచుకుని నీళ్ళలో తేలుతున్నాయి. తాయారు కన్ను తీయలేదు.

"ఇందులో నా కొడుకెవడే?"

ఇంటికొచ్చిన తాయారు చెప్పులు విప్పకుండానే పెరట్లోకి వెళ్ళి అరిటాకు కోసింది. జగన్నాధం నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"రేపు పంతుల్ని పిలు."

"మహతికి కబురెట్టనా?"

తాయారు ఆకు మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"దాని పేరెత్తితే రెండో ఆకు కొయ్యాలి మావా. అది దానికే."