నాలుగో అడుగు

అంకారా పశువైద్యశాలలో కుంటే కుక్కల్ని తూకపు పలక మీద నడిపించి, ఏ కాలు ఎంత బరువు మోస్తోందో కొలవడం నెజిహే పని. తాడు వదులుగా పట్టుకుని, ఎదుటి గోడనే చూస్తూ నడుస్తుంది. కుక్క మధ్యలో ఆగితే ఆ నడక లెక్కలోకి రాదు. గొంతు పెంచకుండా "మళ్ళీ" అంటుంది, పాతికసార్లయినా సరే. ముందుకాలి మోచేతి ఆపరేషన్‌కి ముందు బొంజుక్ అనే కుక్కని ముసలి రుష్తూ తీసుకొచ్చాడు. ఇవాళ ఆయన కూతురు ఫిలిజ్ తెచ్చింది. ముందుకాళ్ళు రెండూ సమంగా బరువు మోస్తున్నాయి. అయినా నాలుగడుగులకోసారి కుక్క ఆగి పక్కకి చూస్తోంది.

"నొప్పి పూర్తిగా పోలేదేమో," అంది నెజిహే.

"నొప్పి కాదక్కా. నాన్నకి ఆయాసం కదా, నాలుగడుగులేసి ఆగేవాడు. ఆయన పోయి నెల్లాళ్ళయింది."

నెజిహే మళ్ళీ తాడు అందుకుంది. నాలుగో అడుగులో బొంజుక్ ఆగింది. ఈసారి ఆమె "మళ్ళీ" అనలేదు. తనూ ఆగింది, ఓ ముసలాయనకి ఊపిరి అందేంతసేపు.