చందమామకు కొసరు

వేంపల్లెలో బట్టల అంగడి గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి నేను. చెప్పిన ధరకు కొన్నవాడు మా వాళ్ల లెక్కలో సగం పిచ్చివాడు. బేరం కుదరకపోతే లేచి నడవాలి, వెనకనుంచి పిలుపు దానంతటదే వస్తుంది. నా చదువంతా ఇంతే.

ఆ రోజు తెల్లారితే మా అమ్మాయి బడిలో సైన్సు ఫెయిర్. చంద్రుడి మీదికి పోయిన నౌక గురించి ఆమె మాట్లాడాలి. మాటలన్నీ కంఠతా వచ్చు, పటమే లేదు. మా ఊరి పుస్తకాల అంగళ్లలో కూరగాయలు, పండ్లు, నాయకులు దొరికారు గానీ చంద్రుడు దొరకలేదు. ఫోన్లో బొమ్మను జిరాక్సు తీయిస్తే మాడిన రొట్టెలా వచ్చింది. పోయినేడు ఉత్త చేతులతో నిలబడితే పిల్లలు నవ్వారట. "పటం లేకుంటే బడికే పోను నాయనా," అని మంచానికి అతుక్కుపోయింది.

కడపలో ఒక కాలేజీలో అంతరిక్ష ప్రదర్శన పెట్టారనీ, పటాలూ పుస్తకాలూ ఊరికే పంచుతున్నారనీ తెలిసింది. ఆ రోజే ఆఖరు. అంగడి తమ్ముడికి అప్పజెప్పి బస్సెక్కాను.

వరసలో నిలబడి నిలబడి బల్ల దగ్గరికి చేరాను. అక్కడి అమ్మాయి చంద్రుడి పటం చుట్టి చేతికివ్వబోయింది. నా నాలుక ఊరుకుంటేనా.

"దీంతోపాటు ఆ రాకెట్టు పుస్తకం గూడా కొసరెయ్యమ్మా. శానా దూరం నుంచి వచ్చినా."

"ఒకరికి ఒకటే సార్."

"అట్లయితే వద్దులే," అని వెనుదిరిగాను. చెవులు వెనక్కి పెట్టి నెమ్మదిగా నడిచాను. గుమ్మం వచ్చింది. ఎవరూ పిలవలేదు. ఊరికే ఇచ్చేవాళ్లకు నేను పోతే నష్టమేముందని అప్పుడు తట్టింది.

పరుగెత్తుకొచ్చేసరికి నా చోటును వరస మింగేసింది. తోకనుంచి మళ్లీ మొదలుపెట్టి చేరేసరికి బల్ల మీద ఖాళీ అట్టపెట్టెలు. గోడకున్న పటమైనా పీకి ఇమ్మని చేతులు జోడించాను. "అది ఇంకో ఊరికి పోవాల సార్," అంది.

గేటు దగ్గర పటం చుట్ట పట్టుకున్న ప్రతివాణ్ణీ ఆపాను. "అమ్ముతావా అప్పా? ఎంతైనా చెప్పు." ఎంతైనా అనే మాట నా నోట అదే మొదటిసారి. ఒక పెద్దాయన ఎగాదిగా చూశాడు. "ఊరికే వచ్చిందాన్ని అమ్ముకొని నా మనవడికి ఏం చెప్పాలప్పా?"

చివరికి ఇద్దరు పిల్లలతో పోతున్న ఒకామె నిలబడింది. "వీళ్లకు చెరొకటి ఇచ్చినారు. ఒకటి నువ్వు తీసుకోన్నా. ఏడ్చేటట్టుండావు."

చుట్టను గుండెకు అదుముకుని బస్సెక్కాను. మడత విప్పి చూడకుండా తువ్వాలు కూడా కొనని నేను దాన్ని విప్పి చూడలేదు.

ఇంట్లో అమ్మాయి విప్పింది. ఎర్రటి గోళం.

"ఇది అంగారకుడు నాయనా."

నేను పటాన్ని వెనక్కి తిప్పి గూడా చూశాను.

"మార్చియ్యరా నాయనా?"

"ఊరికే వచ్చిందమ్మా. మార్చరు."

గోళం కింద అచ్చేసిన అక్షరాల మీద వేలు పెట్టింది. "పట్టుకో అయితే. రేపు దీని గురించే చెప్తా, తెల్లారేలోపల ఇదంతా చదవాల," అంది.

గిరాకీకి చీర పరిచి చూపినట్టు రెండు మూలలూ పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. మధ్యమధ్య కళ్లు తుడుచుకుంటూనే ఉంది.