కోరుట్ల టెంటు, మెడల మీద తామర

2011 వానాకాలం చివరి రోజులు. జగిత్యాల టవర్ దగ్గర ఒక చర్మ వైద్యురాలి క్లినిక్‌లో నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ముందు గదిలో బెంచీలు, లోపల మేడం గది, మెట్ల కింద నా ల్యాబ్. నేను ఇంటర్ దాటి చదవలేదు. ల్యాబ్ పని ఒక పెద్దాయన పక్కన నిలబడి నేర్చుకున్నాను. లెక్క మాత్రం ఎవరూ నేర్పలేదు. సిరిసిల్లలో మా నాయిన నడిపే సాంచాల, అంటే మరమగ్గాల, మధ్య పోగులు లెక్కబెడుతూ పెరిగాను, అదే అబ్బింది. ఎందరిలో ఎందరికి, ఎప్పటి నుంచి అని అడగకుండా ఉండలేను.

గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, మధ్యలో మామూలు చర్మంలా కనిపించే మచ్చను మన దగ్గర తామర అంటారు. అది ఫంగస్ వల్ల వస్తుంది. రొట్టె మీద పట్టే బూజు కూడా ఆ జాతిదే. అయితే గుండ్రని మచ్చలన్నీ తామర కావు. అనుమానం ఉన్నచోట మేడం చీటీ మీద ‘కేఓహెచ్’ అని రాసి నా దగ్గరికి పంపేవారు. మచ్చ అంచును మొండి బ్లేడుతో మెల్లగా గీరి, రాలిన పొట్టును గాజు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం ఒక చుక్క వేయాలి. కాస్త వెచ్చజేసి ఆగితే చర్మపు పొట్టు కరిగిపోయి ఫంగస్ మిగులుతుంది. మైక్రోస్కోప్‌లో అది కొమ్మలుగా చీలిన సన్నని పోగుల్లా కనిపిస్తుంది. గోరు గట్టిది కాబట్టి గోటి పొట్టుకు ఇంకా ఎక్కువసేపు ఆగాలి.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఊరూరా ఒక టెంటు, టెంటులో రిలే నిరాహార దీక్ష. రోజుకో సంఘం, రోజుకో కులం వాళ్లు పొద్దున మెడలో కండువాలతో కూర్చుని, సాయంత్రం నిమ్మరసం తాగి లేచేవాళ్లు. మర్నాడు ఇంకొకరు. బస్సులు సరిగా నడిచేవి కావు. అయినా కోరుట్ల నుంచి ఆటోల్లో, బండ్ల మీద మా దగ్గరికి వచ్చేవాళ్లు పెరిగారు. విచిత్రం ఏమిటంటే, వాళ్లలో చాలామందికి మచ్చ ఒక్కచోటే, మెడ మీద. తామర మామూలుగా గజ్జల్లోనో నడుం చుట్టూనో చెమట నిలిచేచోట మొదలవుతుంది. ఒకే ఊరివాళ్లు వరసగా మెడలు చూపించడం నేను అంతకుముందు చూడలేదు.

వాళ్లకు మాత్రం అందులో విచిత్రం ఏమీ లేదు. కారణం చేతిలో పట్టుకునే వచ్చేవాళ్లు.

“రాజేశం దగ్గర అంటింది సార్. మా టెంటు ముంగట నాయీ బ్రాహ్మణ సంఘపోళ్లు రోడ్డు మీద కుర్సీలేసి గడ్డాలు గీకిండ్రు గద, నిరసన అని. ఫిరీగ గీకుతున్నడని పోయి కూసున్న. ఊరికే ఏదీ రాదని గిప్పుడు ఎరుకైంది.”

రాజేశం దుకాణం ఆ టెంటుకు ఎదురుగానే ఉంటుందట. ఆ రోజు ఎక్కువమంది కూర్చున్నది అతని కుర్చీలోనే. తర్వాత కొన్నాళ్లకు మెడల మీద మచ్చలు, అదీ కత్తి తగిలేచోట. విన్నవాళ్లెవరికైనా అతికినట్టే ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది.

ఒకరోజు ఆ రాజేశమే వచ్చాడు. నలభై దాటిన మనిషి, బక్కగా, నున్నగా గీసిన గడ్డంతో ఉన్నాడు. కుడిచేతి బొటనవేలికి రుమాలు చుట్టుకున్నాడు. మేడం విప్పమంటే తల తిప్పుకుని విప్పాడు. గోరు నల్లబడి, ఒక పక్క లేచి ఉంది. గోరు మొదట్లో చర్మం వాచింది.

“దుకాణానికి మనిషి అస్తలేడు మేడం,” అన్నాడు. “నా గోరు జూసిండ్రు. గిదే అందరికి అంటిందంటున్నరు. మా తాత కాలం సంది గా దుకాణంల ఉన్నం. గిరాకి లేని దుకాణం నీకెందుకు, దసరా ఎన్క వేరెటోళ్లకిస్త అంటున్నడు కిరాయికిచ్చిన పటేలు. నాకేం లేదని మీ చీటి మీద రాసియ్యుండ్రి. గోడకు అంటిచ్చుకుంట.”

“పరీక్ష చేయకుండా ఏమీ రాయను,” అన్నారు మేడం. “చేశాక ఏముంటే అది రాస్తాను.”

“ఉన్నదని తేలితె?”

“ఉందనే రాస్తాను.”

అతను నా వైపు చూశాడు. “ఇగ గీ సార్ దయ.”

“నా దయ ఏముందన్నా, గోరు దయ,” అన్నాను. అతను నవ్వలేదు.

గోరు కింది పొట్టు తీసి, నానబెట్టి చూశాను. ఫంగస్ ఉంది. అయితే కోరుట్ల మెడల్లో రోజూ చూస్తున్న పొడుగు పోగులు లేవు. గుండ్రని గింజలు, గింజకు గింజ మొలిచినట్టు ఉన్నాయి. మేడంను పిలిచి చూపించాను. ఆమె చాలాసేపు చూశారు.

“ఇది ఈస్ట్ రకంలా ఉంది. రోజంతా చేతులు నీళ్లలో నానేవాళ్లకు గోళ్ల దగ్గర వస్తుంది. మెడ మీది వాళ్లది వేరే రకం అనుకుంటున్నాను. కానీ స్లైడ్ ఒక్కటి చూసి ఒట్టు వేయలేను. కల్చర్ పంపుదాం.”

కల్చర్ అంటే, తీసిన పొట్టును ఫంగస్‌కు తిండిగా పనికొచ్చే జెల్లీ మీద వేసి పెంచడం. పెరిగాక ఏ రకమో తెలుస్తుంది. కానీ ఫంగస్ నిదానంగా పెరుగుతుంది, వారాలు పడుతుంది. ఆ వసతి కరీంనగర్‌లో ఉంది, బస్సులేమో బంద్. రాజేశం గోరుతో పాటు ఇద్దరి మెడల పొట్టు కూడా తెలిసినవాళ్ల కారులో పంపాం. చీటీలో మాత్రం ఆ రోజు ఉన్నదే రాయాల్సి వచ్చింది: ఫంగస్ కనిపించింది. రాజేశం చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. అది గోడకు అంటించేది కాదు.

అప్పటి నుంచి కోరుట్ల వాళ్లు ఎవరొచ్చినా గీరేటప్పుడు రెండు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను. గడ్డం ఎక్కడ గీయించుకున్నారు? మచ్చ ఎప్పుడు కనిపించింది? తామర మచ్చ మధ్య నుంచి అంచుకు పెరుగుతుంది కదా, వెడల్పును బట్టి వయసు కట్టవచ్చేమో అనుకున్నాను. “మచ్చ క్యాలెండర్ కాదు,” అన్నారు మేడం. “కొందరు మెడికల్ షాపులో మూడు మందులు కలిపిన ట్యూబు కొని రాస్తున్నారు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. దురద తగ్గుతుంది, ఫంగస్ మాత్రం పాకుతుంది. వెడల్పుతో లెక్క కట్టకు.” మానుకున్నాను.

ఆ వారంలోనే గంగవ్వ వచ్చింది. బీడీలు చుట్టే మనిషి, యాభై ఏళ్లుంటాయి. మెడ పక్క నుంచి భుజం ఎముక దాకా మచ్చ. నేను బ్లేడు తుడుచుకుంటూ అలవాటు కొద్దీ అడిగేశాను, గడ్డం ఎక్కడ గీయించుకున్నావని.

గంగవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది. “నాకు గడ్డమా సార్? పొద్దంత గా అద్దంల చూసి చూసి నీ కండ్లు పోయినట్టున్నయి.”

బెంచీ మీదివాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత బ్లేడు పక్కన పెట్టాను.

“ఇంకెవరికైనా ఉందా అవ్వా, మీ ఆడవాళ్లలో?”

“మా వాడకట్టు బీడీలోళ్లం నలుగురికి ఉన్నది. అందరికి మెడ కాడనే.”

“టెంటులో కూర్చున్నారా మీరు?”

“కూసోమా మరి? మా వంతు దినం గంపలు గూడ ఆడికే తీస్కపోయినం. పాటలు పాడుకుంట బీడీలు చుట్టినం.”

“కండువాలు వేశారా?”

“ఏసిండ్రు. టెంటుయే. పొద్దుగాల ఏస్తరు, మాపటికి తీస్కుంటరు. మా ముందుగాల సార్లు ఏసుకున్నరు, మా ఎన్క ఆటోలోళ్లు.”

“మధ్యలో ఉతుకుతారా?”

“ఉతుకుడేంది సార్? తెలంగాణ అచ్చిందాక కండువ దించేది లేదని మొదటి దినమే ఒట్టు పెట్టుకున్నరు. ఒక మెడ మీదికెళ్లి ఇంకో మెడ మీదికి పోవాలె, నడుమ తెగద్దని. రాత్రికి సందుగుల పెడతరు, తెల్లారి తీస్తరు. చెమట వాసన అస్తె గది ఉద్యమం వాసన అనుకున్నం.”

ఆ గుడ్డ ఎలాంటిదో నాకు చూడకుండానే తెలుసు. మా సిరిసిల్ల సరుకే అయి ఉంటుంది, పాలిస్టర్. పాలిస్టర్ నూలులా చెమటను తాగదు, తడి పైనే నిలుస్తుంది. అలాంటి తడి గుడ్డలను మూత పెట్టెలో కుక్కితే ఫంగస్‌కు అంతకంటే మంచి ఇల్లు దొరకదు. లేచి వెళ్లి మేడంకు చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టారు.

“కత్తి ముట్టని మెడలకు కూడా వచ్చిందంటే, కత్తిని దాటి చూడాలి. అయినా నలుగురితో తేల్చకు. ఇంకా అడుగు.”

నేను మనసులో నాలుగు గళ్లు గీసుకున్నాను. రాజేశం దగ్గర గీయించుకుని కండువా వేసుకున్నవాళ్లు, గీయించుకుని వేసుకోనివాళ్లు, గీయించుకోకుండా వేసుకున్నవాళ్లు, రెండూ లేనివాళ్లు. రోగులను క్లినిక్‌లో అడిగాను. మచ్చ లేనివాళ్లు క్లినిక్‌కు రారు కాబట్టి ఆదివారం బండి మీద కోరుట్ల పోయి, రాజేశం పాత గిరాకీలను అడిగాను. కండువా వేసుకున్న గళ్లు రెండూ నిండుతూ పోయాయి. గడ్డం మాత్రమే గీయించుకున్నవాళ్లలో మచ్చ ఉన్న మనిషి నాకు ఒక్కడూ దొరకలేదు.

రాజేశం దుకాణంలో కూర్చుని అతనికి చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. అతను ఖాళీ కుర్చీని ఒక చుట్టు తిప్పాడు.

“సార్, గీ ముచ్చట మైకుల చెప్తె నా దుకాణం బతుకుతది. కని రేపు ఊరు ఏమంటది? ఉద్యమం కండువకు తామర పట్టిందని నవ్వుతరు. గిట్లాంటియి దొరకాలెనని చూసెటోళ్లు చూస్తనే ఉన్నరు. మా సంఘం గూడ గా కండువలు ఏసుకునే కూసున్నది. నా నోట్లెకెళ్లి అద్దు.”

“మరి దసరా?”

“చూద్దాం తీ,” అన్నాడు.

ఆ మాట మేడంకు చెప్పాను. గంగవ్వ మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు మేడం ఆమెను లోపలే కూర్చోబెట్టి విషయం వివరించారు. మందు ఎలా రాయాలి, దురద పోయినా ఎందుకు ఆపకూడదు, తువాళ్లు ఎందుకు వేరుగా ఉండాలి అన్నీ చెప్పి, చివర అడిగారు: “టెంటు పెద్దలకు నొచ్చకుండా చెప్పగలవా?”

“నొచ్చకుంటనా?” అంది గంగవ్వ. “చెప్తనైతె చెప్త.”

మర్నాడు ఆమెతో పాటు నేనూ పోయాను. ఎవరైనా వైద్యం ప్రశ్నలు అడిగితే జవాబు చెప్పడానికి మేడం పంపారు. టెంటు బాగోగులు చూసేది సత్తయ్య సార్, రిటైరైన టీచర్. రోజూ కండువా వేసుకుని మైకు పక్కనే ఉండే మనిషి. గంగవ్వ నేరుగా ఆయన ముందుకు పోయి నిలబడింది.

“సత్తయ్య సార్, జర నీ కాలర్ దించు.”

“ఎందుకే?”

“జర దించరాదూ.”

ఆయన దించలేదు. కానీ చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయి గోకింది. టెంటులో కూర్చున్నవాళ్లంతా చూశారు. ఆయన చెయ్యి తీసి, మెల్లగా కాలర్ వంచాడు. గుండ్రని మచ్చ, ఎర్రని అంచు.

“చెమట పొక్కులనుకున్న,” అన్నాడు.

“నువ్వు రాజేశం దగ్గర గీకించుకున్నవా?”

“లేదు. నేను ఇంట్లనే గీక్కుంట.” అని ఆగిపోయాడు. అబద్ధం ఆడే మనిషి కాదు. కండువా తీసి ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. “అందరం ఒక్కటే అని చెప్పెతందుకు కండువ గూడ ఒక్కటే చేస్తిమి. మరి ఒట్టు పెట్టుకుంటిమి గదనే?”

“దించేది లేదని పెట్టుకున్నరు. ఉడకబెట్టేది లేదని పెట్టుకోలే గద.”

ముందు నవ్వింది సత్తయ్య సారే.

రెండు రోజులకు రజక సంఘం వంతు వచ్చింది. వాళ్లు టెంటు ముందు రాళ్ల పొయ్యి పెట్టి, పెద్ద బానలో సబ్బు నీళ్లు మరిగించి, కండువాలన్నీ అందులో వేసి ఉడికించారు. రోడ్డు పొడుగునా తాళ్లు కట్టి ఎండలో ఆరేశారు. అక్కడే ఇస్త్రీ చేశారు. చుట్టూ నినాదాలు, డప్పులు. వచ్చేపోయేవాళ్లకు అది నిరసనే. మైకులో తామర మాట ఎవరూ ఎత్తలేదు. “రేపటి సంది ఎవరి కండువ వాళ్లే తెచ్చుకోవాలె, దినాం ఉతుక్కోవాలె,” అని మాత్రం సత్తయ్య సార్ చెప్పాడు. చెప్పి, మైకు పక్కవాళ్లకు ఇచ్చి, రోడ్డు దాటి రాజేశం దుకాణంలోకి పోయి కుర్చీలో కూర్చున్నాడు. టెంటు మొత్తం అటే తిరిగింది.

రాజేశం చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. “మీరు ఇంట్ల గీక్కుంటరు గద సార్. నా గోరు...”

“నీ గోరు సంగతి గా మేడం జూస్తది. నువ్వు నా గడ్డం సంగతి జూడు.”

మేడం చెప్పినట్టు రాజేశం చేతికి గ్లౌజు తొడుక్కున్నాడు. కొత్త బ్లేడు విప్పి అందరికీ కనిపించేలా కత్తికి పెట్టాడు. ఒక చెంప పూర్తి చేసి రెండో చెంపకు తిరిగాడు.

ఊరు ఒక్కరోజులో మారలేదు. మొదట సత్తయ్య సార్ స్నేహితులు వచ్చారట, తర్వాత ఆటోవాళ్లు. మైకు చెప్పని సంగతిని బీడీల ఆడవాళ్లు ఇంటింటికీ చేర్చారు, కండువాను తిట్టకుండా రాజేశాన్ని విడిపించే పద్ధతిలో. కొత్త మెడలు మా దగ్గరికి రావడం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. పాతవాళ్లు మందు పూర్తిగా వాడి మానారు, ట్యూబు మీద మనసు చంపుకోలేని కొందరు తప్ప.

కరీంనగర్ నుంచి కల్చర్ రిపోర్టు దసరా దాటాక వచ్చింది. మెడల మీదిది ఒక రకం, గోటిది వేరే రకం, మేడం అనుకున్నట్టే. నేను వెంటనే రాజేశానికి ఫోన్ చేశాను.

“అన్నా, నువ్వు అడిగిన కాగితం వచ్చింది. నీ గోరు నుంచి ఎవరికీ అంటలేదని తేలింది. వచ్చి తీసుకపో.”

అవతల కత్తెర చప్పుడు, ఎవరో గట్టిగా వాదించుకుంటున్నారు. “సార్, దుకాణంల ఐదుగురు కూసున్నరు,” అన్నాడు. “గిప్పుడు రాలేను. మందుకు వచ్చినప్పుడు చూద్దాం తీ.”

మందుకు వచ్చాడు గాని, కాగితం అడగలేదు. బొటనవేలు మాత్రం ప్రతిసారీ ముందు నాకు చూపించేవాడు. గోరు మొదట్లో శుభ్రమైన కొత్త గోరు సన్నని నెలవంకలా పుట్టి, నల్లని పాత భాగాన్ని నెలనెలా ముందుకు తోస్తూ పోయింది. గోటికి తొందర ఉండదు.

ఈ కేసు నాకు ఒక అలవాటు మిగిల్చింది. ఒక జబ్బుకు అందరూ ఒకే కారణం చెబుతున్నప్పుడు, ఆ కారణం సరిపోయేవాళ్లను లెక్కబెట్టడం మానేశాను. వాళ్లు ఎప్పుడూ ఎక్కువమందే దొరుకుతారు. ఆ కారణం ఏ విధంగానూ తగలని మనిషికి కూడా ఆ జబ్బు ఉందేమో వెతుకుతాను. అలాంటి ఒక్క మనిషి దొరికితే చాలు, లెక్కను మొదటి నుంచి వేయాలి.