దారం తీసిన పుస్తకం

నేను అడిగిన ప్రశ్నకు ఈ రోజు వరకు జవాబు రాలేదు. అడిగింది దారిన పోయేవాళ్లను కాదు. పాత కామిక్సు పుస్తకాలు దాచుకునేవాళ్లంతా పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో, ఫొటోలతో సహా అడిగాను. ఎవరెవరు చూశారో ఫోను చూపిస్తుంది. దాదాపు అందరూ చూశారు.

పాత పుస్తకం ఎంత చెడకుండా ఉందో చూసి పదికి ఇంత అని అంకె వేయడాన్ని గ్రేడింగ్ అంటారు. మా గ్రూపులో ఆ అంకె వేసేది హైదరాబాదులో ఉండే ఒక పెద్దాయన. మూడేళ్లుగా నేను ఆయన అంకెలు చూసే ఈ పని నేర్చుకున్నాను. ఎవరైనా ఫొటోలు పెడితే ఆయన పలకకముందే నా అంకె నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. చేతిలో పుస్తకం ఉంటే కిటికీ దగ్గర కొంచెం వాల్చి పట్టుకోవాలి. అప్పుడు వెన్ను మీద సన్నని తెల్ల గీతలు తేలతాయి. పిన్నుల చుట్టూ తుప్పు ఎంతవరకు పాకిందో చూడాలి. అంచుల దగ్గర కాగితం ఏ రంగుకు తిరిగిందో చూడాలి. మొదట్లో నా అంకెలు ఆయన వాటికంటే రెండేసి ఎక్కువ ఉండేవి. పుస్తకం మీద ఇష్టంతో వేసే అంకెలు అట్లాగే ఉంటాయి. ఏడాది తిరిగేసరికి తేడా అర అంకెకు తగ్గింది.

ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఒకసారి ఒక పుస్తకానికి ఆరున్నర అని రాశాను. ఎవరూ పలకలేదు. పది నిమిషాల తర్వాత ఇంకొకాయన అదే అంకె రాస్తే పెద్దాయన చప్పట్ల బొమ్మ పెట్టాడు. ఆ స్క్రీన్‌షాట్ ఇప్పటికీ నా ఫోనులో ఉంది.

ఒకసారి హైదరాబాదులో అందరూ కలుసుకుంటే నేను సిద్దిపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. ఏ ఊరని అడిగి, పెద్దాయన నవ్వాడు.

“సిద్దిపేటల గూడ గివి చదివిన్రా?”

“చదివినం సార్. అట్టలు అరిగేదాంక చదివినం.”

మా పాత బస్టాండు దగ్గర కిరాయికి పుస్తకాలిచ్చే దుకాణం ఉండేది. కొత్త కామిక్సు రాగానే, ఇంకా ఎవరి చేతికీ ఇవ్వకముందే, దుకాణం ఆయన పిన్నులు పీకేసేవాడు. దబ్బనంతో వెన్ను మీద మూడు రంధ్రాలు పొడిచి, దుబ్బాక నుంచి తెప్పించిన నూలు దారంతో కుట్టేవాడు. పిన్నులు పది చేతులకే వదులైతాయని ఆయన లెక్క. దుకాణం మూసేసినప్పుడు అట్లా కుట్టిన పుస్తకాలు ఇరవై నాలుగు నాకిచ్చాడు. ఇన్నేళ్లలో ఒక్క కాగితం ఊడలేదు.

నేను గ్రూపులో అడిగింది ఈ కుట్టు గురించే. దుకాణంలో మొదటి రోజే వేసిన దారాన్ని లోపంగా లెక్కిస్తారా? దారం తీసి మళ్లీ పిన్నులు కొడితే అంకె పెరుగుతుందా, తగ్గుతుందా? పదకొండు రోజులు చూశాను. మధ్యలో ఎవరిదో పుట్టినరోజు వస్తే నలభై మంది శుభాకాంక్షలు చెప్పారు.

పన్నెండో రోజు బ్లేడు తీసుకుని కూర్చున్నాను. నా భార్యది దుబ్బాకలో మగ్గం ఇల్లు. నూలు సంగతి ఆమెకు చెప్పనక్కర్లేదు. కుట్టు మీద వేలితో రాసి చూసింది.

“గా దారం తియ్యకు. మంచిగ కుట్టిండు. వాళ్లు జవాబియ్యకుంటె గా కోపం పుస్తకం మీదెందుకు?”

వినలేదు. అన్నిటికంటే బాగున్న పుస్తకం ఎంచుకుని దారం కోశాను. స్టాప్లర్‌తో రెండు కొత్త పిన్నులు కొట్టాను. పిన్నులు మెరిశాయి గానీ, వాటికింద పాత రంధ్రాలు మూడూ నోరు తెరుచుకుని కనిపించాయి. మధ్య కాగితం తిప్పబోతే చేతిలోకి వచ్చింది. ఫొటో పెట్టాను. ఈసారి గంట కూడా పట్టలేదు. పెద్దాయన ఒక్క వరుస రాశాడు: “పిన్నులు మార్చిన్రు. గిసొంటి పుస్తకానికి గ్రేడ్ ఇయ్యం.”

దారం ఉన్నప్పుడే అడిగాను కదా సార్ అని రాశాను. చూశాడు. ఏమీ రాయలేదు. ఎన్ని మార్కులొచ్చాయని నా భార్య అడిగితే, లెక్కలోకే తీసుకోలేదన్నాను. ఆమె చాట తీసుకుని బయటికి వెళ్లింది.

బ్లేడు పట్టింది నేనే. కాదనను. ఒక పుస్తకం పోయింది, ఇక రాదు. కిటికీ దగ్గర కూర్చుని పుస్తకాలు చూసే ఓపిక కూడా ఇప్పుడు లేదు. కానీ కుట్టు చెడని పుస్తకాలు ఇంకా ఇరవై మూడున్నాయి. వాటిని ఏం చేయాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

పెద్దాయనా, మీరు ఇది చదువుతారు. ఆ దారం లోపమా, కాదా? లోపమైతే పదికి ఎంత తగ్గిస్తారు? మీకు తెలియకపోతే తెలియదనే రాయండి. ఏదో ఒకటి రాయండి.