ఢిల్లీకి వెళ్లాల్సిన దుమ్ము

కొత్తగా కొలువులో చేరిన ఆ రోజుల్లో దేశంలోని గాలినంతా నేనొక్కణ్ణే కాపాడుతున్నానని నా నమ్మకం. కేంద్ర పర్యావరణ శాఖ తరఫున దుమ్ము కొలిచే కాంట్రాక్టు పని నాది. మెడలో గుర్తింపు కార్డు (స్నానానికి తప్ప తీసేవాణ్ణి కాదు), సంచిలో ఒక గాజు జాడీ. ఆ జాడీని మూత లేకుండా ఏదైనా డాబా మీద నెల రోజులు పెట్టాలి. అందులో పడిన దుమ్మును తూచి ఢిల్లీకి రాయాలి. హద్దు దాటితే చర్య తీసుకోమని అక్కడి నుంచి ఆదేశం వస్తుంది. శ్రీరాంపూర్‌లో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఒక అవ్వ డాబా దొరికింది. దుమ్ముకు భయపడి పట్టపగలే తలుపులు మూసుకున్నా దగ్గు వదలని మనిషి. "గిది పెడితే రోడ్డు మీద నీళ్లు కొడ్తరా బిడ్డా?" అని ఒక్కటే అడిగింది. "కొడ్తరు, ఫికర్ చెయ్యకవ్వా" అన్నాను, ఢిల్లీ నా మేనమామ ఊరైనట్టు.

నెల తర్వాత వెళ్తే జాడీ తళతళా మెరుస్తోంది. వంగి లోపలికి చూస్తే చిటికెడు దుమ్ము కూడా లేదు. అవ్వ మాత్రం మురిసిపోతూ, "సర్కారు సామాను గదా, రోజూ పొద్దుగాల బూడిద వెట్టి తోముతున్న. ఒక్కనాడు గూడ ఇడవలే" అన్నది. (జాడీని ముట్టుకోవద్దని ఒక్క ముక్క చెప్పకుండా, చట్టం గురించి అరగంట ఉపన్యాసం దంచిన మేధావిని నేనే.) ఆ లెక్క పంపితే శ్రీరాంపూర్ గాలి కడిగిన ముత్యం, నీళ్ల లారీ ఇక రాదు. సంగతి చెబితే అవ్వ మొహం చిన్నబోయింది. "నా చేతులతోని నేనే చెడగొట్టుకుంటి గదా!" అన్నది.

ఆ నెల లెక్క చెల్లదని రాసి, జాడీ మళ్లీ పెట్టాను. ఈసారి అవ్వ దాని జోలికి పోలేదు కానీ నానా యాతన పడింది. "చూస్తాంటె చెయ్యి ఆగుతలేదు బిడ్డా" అని రెండు రోజులకోసారి ఫోన్ చేసేది. నెల నిండేసరికి జాడీ అడుగున నల్లటి దుమ్ము పేరుకుంది. నేను సంబరపడుతుంటే అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. "గిది ఢిల్లీల సూస్తరా? నా ఇల్లు గింత మురికి అనుకోరూ? జర రాయి బిడ్డా, అవ్వ రోజూ ఊడుస్తదని." రాస్తానని మాటిచ్చాను.

రిమార్కుల గడిలో రాశాను కూడా: 'ఇంటావిడ చాలా శుభ్రమైన మనిషి.' మా పైఅధికారి నవ్వి, ఆ వాక్యం కొట్టేశారు. కొన్నాళ్లకు ఆదేశం వచ్చింది, ఆ రోడ్డు మీద నీళ్ల లారీ తిరిగింది. ఇప్పుడు ఆ కొట్టేసే కుర్చీలో నేనున్నాను. ఏ నివేదిక వచ్చినా ముందుగా రిమార్కుల గడే చూస్తాను. అలాంటి వాక్యం ఇంతవరకు ఒక్కరూ రాయలేదు. రాస్తే మాత్రం కొట్టెయ్యను. అవ్వకు ఇచ్చిన మాట ఇంకా బాకీ ఉంది.